నల్ల టేపు కింద రెండు బటన్లు

కొత్త చొక్కాల మీద నాకొక ఫిర్యాదు ఉంది. కొని తెచ్చుకుని విప్పి చూస్తే లోపలి అంచున, సరిగ్గా బొడ్డుకు ఎదురుగా, రెండు అదనపు గుండీలు కుట్టి ఉంటాయి. ఎండాకాలం ఉక్కలో అవి పొట్టకు అతుక్కుని, తామున్నామని పొద్దస్తమానం గుర్తుచేస్తుంటాయి. తీరా చొక్కా గుండీ ఊడిన రోజున వాటి సంగతి ఇంట్లో ఒక్కరికీ గుర్తు రాదు. డబ్బాలోంచి వేరే రంగు గుండీ తీసి కుట్టేస్తారు. ఆ అదనపు గుండీలను వాడుకున్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

అయినా, కుట్టినవాడికి ఏదో ఉద్దేశం ఉండే ఉంటుందని ఈ వయసులో ఒప్పుకుంటున్నాను. వెనకట ఒప్పుకునేవాణ్ణి కాదు. "ఊరికే చూపుకోసం పెట్టారు" అని తీర్పు చెప్పి లేచిపోయేవాణ్ణి. తొంభైల్లో మా ఇంటి ఫోను మీద అలాంటి తీర్పే ఒకటి చెప్పాను. దాని మీద అప్పీలు సంవత్సరం తర్వాత వచ్చింది.

మాది బెల్లంపల్లి. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటాం. మా బాపు ఆ బాయి మొగదల పనిచేసేవాడు. ఆయన పని గంటలు కొట్టడం. కరీంనగర్‌లో నాతో పనిచేసే లెక్చరర్లకు ఈ మాట చెబితే, ఏ గుడిలో అని అడిగారు. గుడి కాదు. మనుషులను, బొగ్గు టబ్బులను బాయిలోకి దింపే ఇనుప పంజరం ఒకటి ఉంటుంది, దాన్ని కేజీ అంటారు. దాన్ని తాడుతో దింపే ఇంజన్ దూరంగా వేరే గదిలో ఉంటుంది. ఆ ఇంజన్ నడిపేవాడికి కేజీ కనపడదు, అందులో ఎవరున్నారో తెలియదు. అతనికి తెలిసేదంతా గంటలే. కింద నుంచి వచ్చే గంటలను బాపు లెక్కపెట్టాలి, విన్నానని చెప్పడానికి అన్నే తిరిగి కొట్టాలి, ఆ తర్వాత ఇంజన్ గదికి పంపాలి. లెక్క ఒకటి తప్పితే ఏమవుతుందో మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ మాట్లాడలేదు. తప్పలేదు కాబట్టి మాట్లాడే అవసరమూ రాలేదు.

నేను ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ. మా వాడలో ఆ చదువు నా ఒక్కడిదే. దానివల్ల నాకు దక్కిన గౌరవం కొంచెం విచిత్రంగా ఉండేది. కరెంటు పోతే ఎప్పుడొస్తుందని నన్ను అడిగేవారు. నేను చెప్పేవాణ్ణి కూడా. కరీంనగర్ కాలేజీలో పాఠాలు చెప్పి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి వచ్చేసరికి, వారం రోజుల ప్రశ్నలు అరుగు మీద వరసగా కూర్చుని ఉండేవి.

ఎప్పుడో దరఖాస్తు పెట్టి మరిచిపోయిన ఫోను ఒకనాడు మా ఇంటికి వచ్చింది. నల్లగా, బరువుగా, వేలు పెట్టి చక్రం తిప్పేది. అంకె తిప్పి వదిలితే చక్రం కటకటమని వెనక్కి వచ్చేది. బాపుకు అది బాగా నచ్చింది. "ఎంత తిప్పితె అంత చప్పుడు. దీంట్ల మోసం లేదు" అనేవాడు. నాకు మాత్రం ఎమ్మెస్సీ ఇంట్లో చక్రం ఫోను ఉండటం నామోషీగా తోచి, కరీంనగర్‌లో బూడిదరంగు బటన్ల ఫోను కొని బ్యాగులో పెట్టుకొచ్చాను. లైన్‌మన్ వచ్చి తీగలు కలిపి, అడుగున ఉన్న చిన్న మీటను 'పి' అనే అక్షరం వైపు జరిపి, "మన ఎక్స్ఛేంజి పాతది సారూ, 'టి' దిక్కు జరపకుండ్రి, ఫోనే పోదు" అని చెప్పి వెళ్లాడు.

ఇంట్లోవాళ్లు, పక్కింటి చిన్నమ్మ, అందరూ ఫోను చుట్టూ చేరారు. బటన్లు మూడేసి చొప్పున నాలుగు వరసలు. ఆఖరి వరసలో సున్నాకు ఎడమ పక్క నక్షత్రం లాంటి ఒక చుక్క, కుడి పక్క అడ్డం రెండు గీతలు, నిలువు రెండు గీతలు.

"గిదేంది, జల్లెడ లెక్కున్నది?" అని అవ్వ, అంటే మా అమ్మ, అడిగింది. ఆ రోజు నుంచి దాని పేరు జల్లెడ బటనే.

"గవి రెండు దేనికన్నా?" అని తమ్ముడు.

నేను క్షణం కూడా తడుముకోలేదు. అంకెలు పదే. మూడేసి పేర్చుకుంటూ వస్తే ఆఖరున సున్నా ఒంటరిగా మిగులుతుంది. దానికి రెండు పక్కలా ఖాళీ వదిలితే పళ్లూడిన నోరులా ఉంటుంది కాబట్టి, చూపుకోసం రెండు బొమ్మలు అచ్చేశారు. వివరణ నాకే ఎంతో నచ్చింది. అందులో లెక్క ఉంది, అందం ఉంది. నిజం ఒక్కటి లేదు.

బాపు మంచం మీది నుంచే అన్నాడు: "పనికిరాని బటన్ ఎవడు పెడ్తడురా? బటన్ అన్నంక దాని కింద తీగె ఉంటది గద."

"అది కంపెనీవాళ్ల డిజైన్ బాపూ. నీకు తెల్వది."

"నాకు తెల్వదనే అంటున్న" అని బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నా మాటకు బలమిచ్చినవాడు మా మేనమామ. కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లులో గుమాస్తా. ప్రతి ఆదివారం ఆఫీసు ఫోను నుంచి అవ్వతో మాట్లాడేవాడు. అవ్వ ఆయన్ను అడిగితే, "మా ఆఫీసుల గూడ ఉన్నయి అక్కా. ఇన్నేండ్లల్ల ఎవ్వలు ముట్టలే" అన్నాడట. అవ్వ ఆ సంగతి వాడంతా చెప్పింది. రెండు జిల్లాల్లో కాకపోయినా రెండు ఊళ్లలో నా సిద్ధాంతం నిలబడింది.

దానికి మొదటి ఎదురుదెబ్బ చిన్నమ్మ చేతుల్లో తగిలింది. అది దెబ్బ అని అప్పుడు నాకు తెలియలేదు. మా ఇంటి ఫోనునుంచి చిన్నమ్మ ఒక ఆదివారం ఖానాపూర్‌లో ఉన్న బిడ్డకు ఫోను చేసింది. బిడ్డ ఇంట్లో ఫోను లేదు, ఎదురింటి కిరాణా కొట్లో ఉంది. కొట్టాయన పిలుచుకొస్తానని వెళ్లాడు. చిన్నమ్మ రిసీవర్ చెవికి పెట్టుకుని, కాలక్షేపానికి బటన్లు ఒక్కొక్కటే ఒత్తుతూ కూర్చుంది. ఒత్తినప్పుడల్లా లోపల టిక్కుటిక్కుమని చప్పుడు. ఒక దగ్గర ఆమె చేయి చుక్క మీద పడింది. ఆ తర్వాత ఏ బటన్ ఒత్తినా పీ, పూ అని ఒక్కోదానికి ఒక్కో రాగం. చిన్నమ్మ బెదిరి రిసీవర్ కింద పెట్టేసింది. పాపం ఖానాపూర్‌లో బిడ్డ పరుగెత్తుకొచ్చి, ఖాళీ ఫోను పట్టుకుని ఏడ్చిందట.

"ఓ పెద్దోడా, ఫోను కూస్తున్నది. నేనేం జేయలే బిడ్డా" అని చిన్నమ్మ.

శాస్త్రజ్ఞుడు అక్కడ ఆగి, ఎందుకు కూసిందని అడగాలి. నేను ఆగలేదు. "ఆ రెండూ ఉత్తవే. ఉత్తవి ఒత్తితే లైను చెడిపోతుంది" అన్నాను. ఉత్తవైతే ఒత్తినా ఏమీ కాకూడదు కదా అని నన్ను అడిగినవాళ్లు లేరు. నా విద్యార్థులు కూడా అంతే మర్యాదస్తులు.

బాయిలో ఒక పద్ధతి ఉండేది. దేనికో తెలియని మీట కనిపిస్తే దాన్ని ముట్టరు. దాని మీద నల్ల టేపు చుట్టి, తెలిసినవాడు వచ్చేదాకా అలాగే ఉంచుతారు. మా ఇంట్లో ఆ టేపు చుట్ట ఎప్పుడూ ఉండేది. అవ్వ దాన్ని బకెట్ పిడికి, గొడుగు కర్రకు, ఒకసారి నా చెప్పుకు కూడా చుట్టింది. నేను రెండు ముక్కలు కత్తిరించి చుక్క మీద ఒకటి, జల్లెడ మీద ఒకటి అంటించాను. బాపు చూసి ఒకే మాట అన్నాడు: "టేపు ఏస్తె ఏసినవ్ గని, తెలిసినోడు వచ్చేదాకనే అని యాద్పెట్టుకో."

తెలిసినవాణ్ణి నేనే కాబట్టి ఆ మాటను పట్టించుకోలేదు.

ఒక సంవత్సరం గడిచింది. ఆ ఏడు కంపెనీ డాక్టరు బాపు కళ్లు పరీక్షించి, చూపు చాలదు, పనికి అన్‌ఫిట్ అని రాశాడు. చెవుల గురించి ఆయన అడగలేదు, బాపు చెప్పలేదు. అన్‌ఫిట్ అయిన మనిషి ఉద్యోగం కొడుకుల్లో ఒకరికి ఇస్తారు. నాకు ఉద్యోగం ఉంది కాబట్టి అది తమ్ముడికి రావాలి. ఇంటరు అయిపోయి, ఇంజనీరింగు పరీక్ష ఒకసారి రాసి పోగొట్టుకుని, రెండోసారి రాసి కూర్చున్నాడు వాడు. తిన్నా, పడుకున్నా, బావి దగ్గర నీళ్లు చేదినా వాడి పెదవులు సూత్రాలు గొణుగుతూనే ఉండేవి.

ఆఫీసునుంచి ఫారం వచ్చింది. తమ్ముడు సంతకం చేసి, ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ జతపరచి ఇవ్వాలి. ఇచ్చాక అవి ఆఫీసులోనే ఉంటాయి. అవి లేకుండా ఏ కాలేజీవాడూ చేర్చుకోడు. ఇవ్వకపోతే ఉద్యోగం పోతుంది, మళ్లీ అడగడానికి లేదు. ఇదంతా అక్కడి గుమాస్తా నాకు రెండుసార్లు చెప్పాడు, మొదటిసారి నేను నవ్వానని.

ఫారం ఇవ్వడానికి ఆఖరి రోజు, సాయంత్రం ఐదింటి వరకే గడువు. నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. సరిగ్గా ఆ రోజు మధ్యాహ్నమే రేడియోలో చెప్పారు, ఇంజనీరింగు పరీక్ష ఫలితాలు వచ్చాయని. పేపర్లో రేపు వస్తాయి. ఇప్పుడే కావాలంటే హైదరాబాదులో ఒక నంబరుకు ఫోను చేయాలి, అక్కడ యంత్రమే జవాబు చెబుతుంది. తమ్ముడు ఆ నంబరును అరచేతిలో రాసుకున్నాడు.

వాడి లెక్క వాడికి స్పష్టంగా ఉంది. "నాలుగంకెల ర్యాంకు వస్తె సీటు వస్తదన్నా. ఐదంకెలొస్తె బాయే."

అవ్వ వంటింటి గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. పొద్దున్నుంచీ అవే బియ్యం. "నా పెద్దోడు బాయి దిగలే. చిన్నోడు గూడ దిగొద్దని నేను మొక్కని దేవుడు లేడు" అని చేటతో చెప్పింది. బాపు ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో ఉంచుకుని గడపలో కూర్చున్నాడు.

లైను దొరికేసరికి మూడు దాటింది. అవతల ఒక ఆడగొంతు, ఇంగ్లీషులో, ఎంతో శుభ్రంగా చెప్పింది: హాల్ టికెట్ నంబరు ఒత్తి, ఆ తర్వాత హ్యాష్ ఒత్తండి. హ్యాష్ అంటే ఏమిటో నాకు తెలుసు, డిక్షనరీలో చూశాను. ముక్కలు కోసి వేయించిన మాంసం. అది ఫోనులో ఎక్కడుంటుందో తెలియక, నంబరు వరకు ఒత్తమన్నాను. తమ్ముడు ఏడు అంకెలూ ఒత్తాడు. టిక్కు టిక్కు టిక్కు. అవతలి గొంతు మేము అసలు లేనట్టే, మొదటి మాటే మళ్లీ మొదలుపెట్టింది. మూడుసార్లు చెప్పి ఫోను పెట్టేసింది.

"హైదరాబాదు యంత్రం చెడిపోయినట్టుంది" అన్నాను.

"అన్నా, హ్యాష్ అంటే జల్లెడ కావచ్చు. చుక్కనైతే స్టార్ అంటరు గద."

వాడి మాట సమంజసంగా ఉంది. నాకది నచ్చలేదు కానీ, కుడి పక్క టేపు పీకాను. సంవత్సరంగా వెలుగు చూడని జల్లెడ బటన్ ఒక్కటే కొత్తదానిలా మెరుస్తోంది. మళ్లీ ప్రయత్నాలు, మళ్లీ ఎంగేజ్. దొరికాక ఏడంకెలు ఒత్తి, జల్లెడ ఒత్తాం. ఆ గొంతుకు మా మీద జాలి కలగలేదు.

అప్పుడు నేను నా చదువును ప్రయోగించాను. ఫోనును బోర్లించి, అడుగున మీటను 'టి' వైపు జరిపాను. బటన్లన్నీ కమ్మగా పాడాయి. కానీ లైన్‌మన్ చెప్పినట్టే ఫోను ఎక్కడికీ పోలేదు. మా పాత ఎక్స్ఛేంజికి టిక్కులే అర్థమవుతాయి, రాగాలు కాదు. హైదరాబాదు యంత్రానికి రాగాలే అర్థమవుతాయేమో, టిక్కులు కాదు. ఇది నేను అప్పటికప్పుడు కనిపెట్టి తమ్ముడికి చక్కగా వివరించాను. ఒకే ఫోను ఇద్దరితో రెండు భాషల్లో మాట్లాడలేదు, ఇది భౌతికశాస్త్రం, మన చేతిలో లేదు అని ముగించాను. మీట మళ్లీ 'పి' దగ్గరికి వచ్చింది. గోడ గడియారంలో నాలుగు కొట్టింది.

"అయితె ఫారం ఇచ్చేద్దామా?" అన్నాడు తమ్ముడు. నా వైపు చూడలేదు, అరచేతిలోని నంబరును చూస్తున్నాడు. చెమటకు అందులో రెండంకెలు చెరిగిపోయాయి.

గడపలోనుంచి బాపు అన్నాడు: "ఆనాడు మీ చిన్నమ్మ ఒత్తితె కూసింది గద ఫోను."

"కూసింది. లైను చెడిపోయి."

"లైను చెడిపోతె మల్ల తెల్లారి ఎట్ల పనిజేసింది? చుక్క ఒత్తకముందు టిక్కుటిక్కుమన్నది. ఒత్తినంక కూసింది. నేను మంచం మీదనే ఉంటి, ఇన్న."

నేను ఏదో చెప్పబోయాను. బాపు చేయి ఎత్తి ఆపాడు. ఆ చేయి ఒక గంట కొడితే ఒకప్పుడు కేజీ ఆగేది.

"జర చెప్పేది ఇను. బాయిల ఒక గంట అంటె ఆపు. రెండు అంటె దింపు. మూడు కొడితె కేజీ ఆపుడు లేదు, దింపుడు లేదు, ఏం కాదు. మూడు గంటలు దేనికి మరి? ఇగ వచ్చే గంటలు టబ్బులకు గావు, మనుషులకు అని చెప్పుటానికి. గది ఇంటె ఇంజన్ డ్రైవర్ చెయ్యి మార్చుకుంటడు, మెల్లగ దింపుతడు. గవే రెండు గంటలు, గని వేరే తీరు. గిక్కడ పది బటన్లు లెక్కలు. మిగిలిన రెండు లెక్కలు గావు. లెక్కలు గాకపోతె ఏమైతయి? గంటలైతయి. చుక్క అంటె, ఇగ వచ్చేయి వేరే తీరువి అని చెప్పుడు. జల్లెడ అంటె, నేను చెప్పుడు అయిపోయింది, ఇగ నువ్వు చెప్పు."

 వంటింటి గుమ్మంలో చేట ఆగింది. ఫిజిక్స్‌లో నాకు అంత పొట్టిగా పాఠం చెప్పినవాళ్లు యూనివర్సిటీలో లేరు. అయితే అది ఒప్పుకోవడానికి ఆ సాయంత్రం సరిపోలేదు.

"అట్లా ఉండదు బాపూ. బటన్‌కు అంత తెలివి..."

"ఉంటదో లేదో ఒత్తితె తెలుస్తది. టేపు నువ్వు తీస్తవా, నేను తియ్యాల్నా?"

ఆయనే గోటితో ఎడమ పక్క టేపు లాగేశాడు. తమ్ముడు అప్పటికే నోటికొచ్చిన నంబరు చేస్తూ పోయాడు. ఎంగేజ్. మళ్లీ. ఎంగేజ్. వాడి చూపుడువేలు ఎర్రబడింది. నాలుగుంబావుకు లైను కలిసింది. వాడు రిసీవర్ నాకివ్వబోతే, మధ్యలో బాపు చేయి చాచాడు.

"గంట కొట్టినోడే జవాబు ఇనాలె. తియ్యి ఇటు."

"అది ఇంగ్లీషు బాపూ" అన్నాను.

"గంటలు ఏ భాషల ఉంటయిరా?"

ఆయన రిసీవర్ చెవికి ఆనించి, చుక్క బటన్‌ను బొటనవేలితో ఒకసారి ఒత్తాడు. దండం పెట్టలేదు, కళ్లు మూసుకోలేదు, పనిలో ఉన్న మనిషి ఎలా ఒత్తుతాడో అలా ఒత్తాడు. తమ్ముడు హాల్ టికెట్ చూసి ఏడంకెలు ఒత్తాడు. టిక్కులు లేవు. పీ, పూ, పీ అని ఏడు రాగాలు బయటికే వినిపించాయి. జల్లెడ ఒత్తే భాగ్యం నాకు దక్కింది.

బాపు ఎడమ చేయి తొడ మీద ఉంది. వేలు లేచింది, పడింది. ఒకటి, రెండు... ఏడు దాకా కొట్టి ఆగింది. తర్వాత ఏదో మాట వినబడినట్టుంది, వేలు కదల్లేదు. మళ్లీ లేచింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. మేమందరం ఆ వేలినే చూస్తున్నాం.  వేలు మళ్లీ లేస్తుందేమోనని నేను ఎంతసేపు చూశానో చెప్పలేను. అది లేవలేదు. బాపు రిసీవర్ పెట్టేశాడు.

"ఎంత?" అన్నాను.

"నాలుగు."

"నాలుగో ర్యాంకా?" అని అవ్వ లేచి నిలబడింది. బియ్యం కింద పోయాయి.

"నాలుగు గంటలు" అన్నాడు బాపు. "ముందుగాల ఏడు కొట్టింది. గవి మనం పంపినయె, ఇన్న అని తిరిగి కొట్టింది. బాయిల గూడ గంతే. ఆ ఎనుక నాలుగు."

"ఏ అంకెలు?"

"నాకేమెర్క. ఇంగ్లీషు అంటివి గద."

ఫోను ఎందుకు పెట్టేశావంటే, జవాబు వచ్చింది కాబట్టి పెట్టానన్నాడు. జవాబు వచ్చాక గంట తాడు పట్టుకుని నిలబడే అలవాటు ఆయనకు లేదు. తమ్ముడు అప్పటికే మళ్లీ నంబరు చేస్తున్నాడు. ఎంగేజ్. రాష్ట్రంలో ఉన్న పిల్లలందరూ ఆ ఒక్క ఆడగొంతు మీద పడ్డట్టున్నారు. నాలుగున్నర దాటింది, లైను మళ్లీ దొరకలేదు.

నేను చదువుకున్నవాడిలా ఆలోచించాను, అంటే భయపడ్డాను. అంకెలు కాని ఏ మాట ముక్కలనో ఆయన అంకెలుగా లెక్కపెట్టి ఉంటే? ఐదోది కొంచెం ఆలస్యంగా వచ్చి ఉంటే?

"మాటకు లెక్కకు ఫరక్ తెల్వదా నాకు?" అన్నాడు బాపు. "మాట సాగుతది. లెక్క తెగి తెగి పడ్తది. నాలుగు పడ్డయి. ఐదోది పడలే. ఆమె మాట మొదలువెట్టినంకనే నేను పెట్టేసిన."

"అన్నా, బాపు నాలుగన్నడు. నాలుగే" అన్నాడు తమ్ముడు. వాడి గొంతులో నాకంటే చదువు తక్కువ, ధైర్యం ఎక్కువ.

అవ్వ ఊళ్లో తిరగడానికి ఇంట్లో ఉంచిన నా స్కూటర్ తాళంచెవిని గోడ మేకు మీంచి తీసి కొంగున ముడివేసుకుని, ఒలికిన బియ్యం ఎత్తుకోవడానికి కూర్చుంది.

మర్నాడు పొద్దున పేపర్లో మా తమ్ముడి హాల్ టికెట్ నంబరు పక్కన ఎన్ని అంకెలు ఉండాలో అన్నే ఉన్నాయి. నేను మూడుసార్లు లెక్కపెట్టాను. బాపు ఒకసారి కూడా అడగలేదు. కానీ అది మర్నాటి సంగతి. ఆ సాయంత్రం ఐదింటికి ఇంకా పావుగంట ఉంది, స్కూటర్ తాళం లేకపోయినా పరుగెత్తితే ఆఫీసు అందుతుంది, ఫారం ఇంకా బాపు జేబులోనే ఉంది.

నేను గుమ్మంలో ఆయనకు అడ్డంగా నిలబడ్డాను. క్లాసులో వాడే గొంతుతోనే మాట్లాడాను. నీ చెవిని అనుమానించడం లేదు బాపూ, కానీ ఒక పిల్లగాడి బతుకు, అది చెవి మీద నమ్మకంతో వదిలేసేది కాదు, ఫారం ఇచ్చి పెడితే కనీసం చేతిలో ఒక ఉద్యోగమైనా ఉంటుంది, ఆలోచించు అన్నాను.

బాపు జేబులోంచి ఫారం తీశాడు. మడతలు విప్పి, వెలుతురుకు పట్టి చూశాడు. ఆ కళ్లకు అది తెల్ల కాగితంలాగే కనిపించి ఉంటుంది. మళ్లీ నాలుగు మడతలు పెట్టి, ఫోనును ఒక చేత్తో ఎత్తి, అది ఉండే కుంటి బల్ల కాలి కిందికి ఆ కాగితాన్ని తోసి, ఫోను మళ్లీ దించాడు. బల్ల కదలడం ఆగింది.

అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఇరువై ఏడేండ్లు గీ చెవి మీదనే మనుషులు బాయి దిగిండ్రు, ఎక్కిండ్రు. నువ్వు పనికిరావన్నయి రెండే బటన్లు. రెండూ పనికొచ్చినయి."